పని అడిగిన కెమెరా.. రాజా దీన్‌దయాళ్ దారి

చదివింది ఇంజినీరింగ్. ఉద్యోగం ప్రజాపనుల శాఖలో. నెలనెలా జీతం. ముప్పై ఏళ్ల వయసులో చేతికొచ్చిన కెమెరా ఆయన్ని ఆరో నిజాం ఆస్థానం దాకా తీసుకెళ్లింది. పేరు రాజా దీన్‌దయాళ్. కన్నుమూసి వందేళ్లు దాటిపోయినా, ఇవాళ కెమెరా కొనబోతున్న ప్రతి స్టూడెంటూ తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

ఎందుకంటారా? మా అనకాపల్లిలో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే కాలేజీ కుర్రాళ్లు చాలామంది ఫొటోగ్రాఫర్ల వెంట అసిస్టెంట్లుగా వెళ్తారు. రెండు సీజన్లు లైట్లు పట్టుకున్నాక సొంత కెమెరా మీదికి మనసు పోతుంది. ప్లేస్‌మెంట్ రాకపోతే ఇదే బతుకుదెరువు అనే లెక్క కూడా లోపల ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్‌తో సరిపెట్టుకోవాలా? ఈఎంఐ పెట్టయినా ఫుల్‌ఫ్రేమ్‌కి వెళ్లాలా? చిన్న కెమెరా పట్టుకెళ్తే పెళ్లివారు చిన్నచూపు చూస్తారేమోనని ఒక భయం. పెద్దది కొంటే జీతం లేకుండా కిస్తీలు ఎలా కట్టాలన్నది ఇంకో భయం. దీన్‌దయాళ్ కాలంలో డీఎస్ఎల్ఆర్‌లు లేవు, ఈఎంఐలు లేవు. కానీ ఏ పనికి ఏ కెమెరా అనే ప్రశ్న అప్పుడూ ఉంది. ఆయన జీవితంలో దానికి సమాధానం దొరుకుతుంది.

ఎస్టిమేట్లు వేసే ఉద్యోగం

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. ఆయన మాత్రం రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. గంగా కాలువ పనులకు మనుషులు కావాలని 1847లో మొదలైన కాలేజీ అది. ఇవాళ్టి ఐఐటీ రూర్కీ అదే. 1866లో అక్కడ శిక్షణ పూర్తయింది. ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం వచ్చింది. కట్టడానికి ఎంత సామాను పడుతుంది, ఎంత ఖర్చవుతుంది, ప్లాన్ ఎలా గీయాలి.. ఇదీ రోజువారీ పని.

కెమెరాకీ దీనికీ సంబంధం లేదనిపిస్తుంది. కానీ తర్వాత ఆయన తీసిన కోటలు, రాజభవనాల ఫొటోలు చూడండి. స్తంభాలు నిటారుగా నిలబడి ఉంటాయి. ఏ గోడా ఒరిగిపోదు. డ్రాయింగ్ బోర్డు ముందు ఏళ్ల తరబడి కూర్చున్నవాడి చూపు అది. కోర్ సబ్జెక్ట్ వదిలేసి వేరే దారి పట్టినా, నేర్చుకున్నది ఎక్కడికీ పోదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఒక్కో క్లిక్కూ ఒక్కో కష్టం

1874లో ఆయన ఫొటోగ్రఫీ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే చిన్న లేబొరేటరీ నడపడమే. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం సమంగా పోయాలి. చీకట్లో దాన్ని సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి, ఆరకముందే డెవలప్ చేయాలి. ఆలస్యమైతే పలక పాడైనట్టే. అందుకే ఫొటోగ్రాఫర్ ఎక్కడికెళ్లినా గాజు పలకలు, రసాయనాల సీసాలు, నీళ్లు, చీకటి గుడారం వెంట వెళ్లాల్సిందే. తీసి చూసుకుని, నచ్చకపోతే డిలీట్ కొట్టడం కుదరదు. కాబట్టి క్లిక్ చేయడానికి ముందే లెక్క తేలిపోవాలి. వెలుగు ఎటు నుంచి వస్తోంది, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎన్ని సెకన్లు కదలకుండా ఉండాలి.. అన్నీ.

ఆయన పనితనం ఇందోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ కంట్లో పడింది. మధ్య భారతంలో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డాలీ ప్రోత్సాహం తోడైంది. 1875-76లో వేల్స్ యువరాజు భారత పర్యటనకు వచ్చినప్పుడు ఫొటోలు తీసే అవకాశమూ దక్కింది. కెమెరా పట్టి అప్పటికి రెండేళ్లే!

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంత గుర్తింపు వచ్చినా ఆయన వెంటనే ఉద్యోగం మానేయలేదు. జీతం వస్తూనే ఉంది, ఫొటోలు సాగుతూనే ఉన్నాయి. ఫొటోల మీద వచ్చే ఆదాయంతోనే ఇల్లు గడవాలన్న ఒత్తిడి ఆయన మీద లేదు. కిస్తీ తేదీ దగ్గర పడిందని వచ్చిన ప్రతి ఆర్డరూ అడిగిన రేటుకే ఒప్పుకునే పరిస్థితికీ, దీనికీ ఎంతో తేడా ఉంది.

పెద్ద పలక ఎందుకు మోశారు?

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి దీన్‌దయాళ్ బుందేల్‌ఖండ్ పర్యటనకు వెళ్లారు. పని ఏమిటంటే పాత కట్టడాలను ఫొటోల్లోకి ఎక్కించడం. గ్వాలియర్ కోట, ఖజురాహో గుళ్లు, సాంచి స్తూపం.. ఇలా మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాల మీద 1886లో గ్రిఫిన్ పుస్తకం తెచ్చారు. అందులోని ఫొటోలు దీన్‌దయాళ్‌వి. ఈ పని కోసం ఉద్యోగానికి సుదీర్ఘ సెలవు పెట్టారు. ఆ తర్వాతే ప్రభుత్వ కొలువు నుంచి పూర్తిగా బయటికొచ్చారు.

కెమెరా సైజు సంగతి ఇక్కడ అర్థమవుతుంది. అప్పట్లో నెగెటివ్‌ను కాగితానికి ఆనించి, ఎండలో పెట్టి ప్రింటు తీసేవారు. అంటే పలక ఎంతుంటే ఫొటో అంతే. గుడి గోడ మీది శిల్పం వివరంగా కనపడే పెద్ద ప్రింటు కావాలంటే పెద్ద పలక, దానికి తగిన పెద్ద కెమెరా మోయక తప్పదు. అదే ఒక మనిషి బొమ్మను చిన్న అట్ట మీద అంటించి ఇచ్చే కార్డు ఫొటోకైతే చిన్న పలక చాలు. సైజును నిర్ణయించేది ఫొటోగ్రాఫర్ హోదా కాదు, కస్టమర్ చేతికి ఇవ్వాల్సిన ప్రింటు.

ఇదే లెక్క మన డీఎస్ఎల్ఆర్‌కి వేద్దాం. పెళ్లి ఆల్బమ్‌లో ఒక పేజీ 12×18 అంగుళాలు అనుకోండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున మంచి ప్రింటు రావాలంటే 3600×5400 పిక్సెళ్లు కావాలి. గుణిస్తే 19.4 మెగాపిక్సెళ్లు. ఎంట్రీ లెవెల్ కెనాన్ 1500డీలోనే 24.1 మెగాపిక్సెళ్లు ఉన్నాయి. అంటే పేజీ నిండా ఒకే ఫొటో వేసినా సరిపోతుంది. నికాన్ డీ850లో ఉన్న 45.7 మెగాపిక్సెళ్లు ఫ్లెక్సీ హోర్డింగులకు కావాలనుకుంటారు చాలామంది. కానీ హోర్డింగును దూరం నుంచి చూస్తాం కాబట్టి అంగుళానికి అన్ని చుక్కలు అక్కర్లేదు. అవి నిజంగా పనికొచ్చేది బాగా క్రాప్ చేయాల్సి వచ్చినప్పుడు, దగ్గరగా నిలబడి చూసే పెద్ద ప్రింట్లకు, ప్రొడక్ట్ ఫొటోలకు. మీకు అలాంటి ఆర్డర్లు ఉన్నాయా? ముందు అది తేల్చుకోండి.

పాత పద్ధతి అడ్డం పడినప్పుడు

అలాగని దీన్‌దయాళ్ దొరికినదాంతో సర్దుకుపోయే మనిషేం కాదు. 1880ల్లో డ్రై ప్లేట్లు అందుబాటులోకి వచ్చాయి. ముందే తయారై డబ్బాలో వచ్చే గాజు పలకలు ఇవి. తడి ఆరిపోతుందన్న బాధ లేదు. తీసిన పలకను తర్వాతెప్పుడో తీరిగ్గా డెవలప్ చేసుకోవచ్చు. పైగా వెలుగును త్వరగా పట్టేస్తాయి. ఆయన వీటికి మారారు. సైనిక విన్యాసాలు, గుర్రాల పరుగు, వేట విడుదులు ఆయన ఫొటోల్లోకి వచ్చాయంటే ఈ మార్పే కారణం. సెకన్ల తరబడి కదలకుండా ఉండమని పరుగెత్తే గుర్రానికి చెప్పలేం కదా!

అప్‌గ్రేడ్ ఎప్పుడు చేయాలనే ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది. చేతిలో ఉన్న పరికరంతో ఫలానా పని కుదరట్లేదని స్పష్టంగా చెప్పగలిగినప్పుడు. ఇవాళ అలాంటి పరిస్థితులు ఏవంటే..

తెల్లవారుజాము ముహూర్తం, మండపంలో చాలీచాలని వెలుగు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ. ఎంట్రీ లెవెల్ కెనాన్ కెమెరాల్లోని ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 22.3×14.9 మి.మీ. వైశాల్యం చూస్తే ఫుల్‌ఫ్రేమ్ దాదాపు 2.6 రెట్లు పెద్దది. అందుకే ఐఎస్ఓ పెంచినా ఫొటోలో గరుకుతనం తక్కువ కనిపిస్తుంది.

తాళి కట్టే క్షణం మళ్లీ రాదు. చాలా హైఎండ్ బాడీల్లో, అన్నింటిలో కాదు, రెండు మెమరీ కార్డులు పెట్టుకునే వీలుంటుంది. ఒకటి మొరాయించినా రెండోదాంట్లో ఫొటో ఉంటుంది. ఎంట్రీ లెవెల్‌లో ఒకటే కార్డు.

సీజన్ మొత్తం వేలకు వేలు క్లిక్కులు. డీ850 షట్టర్‌ని నికాన్ 2 లక్షల క్లిక్కుల దాకా పరీక్షించింది. రోజూ కష్టపడే చేతికి ఇలాంటి దిట్టమైన బాడీ కావాలి. నెలకు రెండు ఫంక్షన్లు చేసేవారికి అంత అవసరం రాదు.

లెన్సుకు తొమ్మిది రెట్లు

షాపులో అందరి చూపూ బాడీ మీదే ఉంటుంది. కానీ వెలుగు ముందుగా దాటి రావాల్సింది లెన్సుని. ఎంట్రీ లెవెల్ కెమెరాతో వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్సును చివరిదాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర ఆగుతుంది. అదే కెమెరాకు 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు తగిలిస్తే సెన్సర్ మీద తొమ్మిది రెట్లకు పైగా వెలుగు పడుతుంది. సెన్సర్ మార్చితే 2.6 రెట్లు, లెన్సు మార్చితే తొమ్మిది రెట్లు. ఖర్చు ఏది తక్కువో చెప్పక్కర్లేదు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఎఫ్/1.8లో పెళ్లికూతురు ఒక్కర్నీ తీస్తే అద్భుతంగా ఉంటుంది. స్టేజీ మీద రెండు వరుసల్లో నిలబడ్డ బంధువుల్ని తీస్తే వెనక వరుస మసకబారుతుంది. గ్రూప్ ఫొటోలకు ఎపర్చర్ తగ్గించుకోవాలి, వెలుగుకు ఫ్లాష్ పెట్టుకోవాలి. అందుకే ఎంట్రీ లెవెల్ బాడీ, మంచి లెన్సు ఒకటి, ఫ్లాష్ ఒకటి.. ఈ సెట్టు చాలాసార్లు కిట్ లెన్సుతో కొన్న ఖరీదైన బాడీకన్నా మంచి ఆల్బమ్ ఇస్తుంది.

ఒకవేళ రెండేళ్లలో ఫుల్‌ఫ్రేమ్‌కి వెళ్లే ఆలోచన గట్టిగా ఉంటే లెన్సు కొనేటప్పుడే చూసుకోండి. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి ఎక్కవు, ఈఎఫ్ లెన్సులైతే రెండింటికీ పనికొస్తాయి. నికాన్ డీఎక్స్ లెన్సులు ఫుల్‌ఫ్రేమ్ బాడీకి ఎక్కుతాయి గానీ ఫొటో చిన్న భాగానికే పరిమితమవుతుంది.

నిజాం నగరంలో

1885లో దీన్‌దయాళ్ వైస్రాయ్ ఫొటోగ్రాఫర్‌గా నియమితులయ్యారు. ఆ రోజుల్లోనే హైదరాబాద్ పిలిచింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా చేసుకున్నారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో వెలిసింది. దర్బారులు, ప్యాలెస్‌లు, విందులు, వేటలు.. నిజాం కాలపు హైదరాబాద్ ఎలా ఉండేదో ఇవాళ మనకు కనిపిస్తోందంటే చాలావరకు ఆయన చలవే. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులి వేటకు వచ్చినప్పటి ఫొటో చాలామంది చూసే ఉంటారు, తీసిందెవరో తెలియకపోయినా. నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రాలు తీర్చేవాడు. లాలా దీన్‌దయాళ్ అలా రాజా దీన్‌దయాళ్ అయ్యారు.

ఆయన వ్యాపార తెలివి 1892లో బాగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో పెద్దింటి ఆడవాళ్లు పరదా దాటి వచ్చేవారు కాదు. పరాయి మగవాడు ఫొటో తీయడమన్న మాటే లేదు. ఫొటో దిగాలని ఉన్నా దారి లేని కస్టమర్లు నగరంలో సగం మంది! దీన్‌దయాళ్ వాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపే బాధ్యత కెన్నీ-లెవిక్ అనే బ్రిటిష్ మహిళకు అప్పగించారు. కొత్త కస్టమర్లను తెచ్చింది ఖరీదైన లెన్సు కాదు, వాళ్లకు ఏది అడ్డమో అర్థం చేసుకోవడం.

1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫొటోలకు బహుమతులొచ్చాయి. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి నుంచి రాయల్ వారెంట్ అందింది. రాజులు, తెల్ల దొరలు, ఊళ్లోని మామూలు కుటుంబాలు.. మూడు రకాల కస్టమర్లూ ఆయనకున్నారు. 1899-1900 కరవులో ఔరంగాబాద్ ప్రాంతంలో జరిగిన సహాయ పనుల ఫొటోలూ ఆయన తీయించారు. దర్బారు తళుకులు తీసిన సంస్థే బక్కచిక్కిన జనాన్నీ తీసింది.

నంబర్ వేసి దాచిన పలకలు

దీన్‌దయాళ్ స్టూడియోలో నెగెటివ్‌లకు నంబర్లుండేవి. ప్రింటు మీద నంబరు చూస్తే పలక ఏదో వెతికి మళ్లీ ప్రింటు తీసి అమ్మొచ్చు. ఇంజినీర్ బుద్ధి! ఇవాళ్టి భాషలో ఫైల్ మేనేజ్‌మెంట్. 1904లో కొడుకు ధరమ్‌చంద్ చనిపోయారు. 1905 జులై 5న దీన్‌దయాళ్ కన్నుమూశారు. స్టూడియోలు చరిత్రలో కలిసిపోయాయి. గాజు పలకలు మాత్రం మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు తెచ్చింది.

కెమెరా బడ్జెట్ వేసేటప్పుడు అందరూ మర్చిపోయే ఖర్చు ఇదే. రెండు హార్డ్ డిస్కులు, తేదీల వారీగా ఫోల్డర్లు. ఆల్బమ్ ఇచ్చిన రెండేళ్లకు తాతగారి ఫొటో ఒకటి పెద్దది చేసివ్వమని ఫోన్ వస్తుంది. అప్పుడు ఫైల్ దొరికితే అదో ఆర్డరు, దొరక్కపోతే చెడ్డపేరు.

మరి మీరేం కొనాలి?

కొనే ముందు ఒక కాగితం తీసుకుని గత ఆరు నెలల్లో మీరు చేసిన, లేదా చేతికొచ్చిన పనులు రాయండి. రావచ్చనుకునేవి వద్దు, వచ్చినవే. లిస్టులో బర్త్‌డేలు, ప్రీవెడ్డింగ్ షూట్లు, ఇన్‌స్టా పేజీలకు ప్రొడక్ట్ ఫొటోలు ఉంటే ఎంట్రీ లెవెల్ బాడీ, మంచి లెన్సు చాలు. నెలకు నాలుగైదు పెళ్లిళ్లు, అదీ మెయిన్ ఫొటోగ్రాఫర్‌గా మీ పేరు మీద ఖాయమై, వాటి ఆదాయంలోంచే కిస్తీ పోతుందని లెక్క తేలితే ఫుల్‌ఫ్రేమ్ గురించి ధైర్యంగా ఆలోచించండి. మధ్యలో ఉన్నవాళ్లకు అద్దె దారి ఉంది. పెద్ద ఆర్డరు వచ్చిన రోజు విశాఖ వెళ్లి పెద్ద బాడీ అద్దెకు తెచ్చుకోవచ్చు. నాలుగుసార్లు వాడితే అది నిజంగా మీకు అవసరమో కాదో మీకే తెలిసిపోతుంది.

కంపెనీలు మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లాయి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో మంచి డీఎస్ఎల్ఆర్‌లు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు షట్టర్ కౌంట్ అడగండి. లెన్సును వెలుగుకు పట్టి లోపల సాలెగూడులాంటి మరకలున్నాయేమో చూడండి. మన వైపు సముద్రపు తేమకు లెన్సుల్లో ఫంగస్ త్వరగా పడుతుంది. కొన్నాక కూడా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి దాచుకోవాలి.

ఇక ప్రాక్టీసు. దీన్‌దయాళ్‌కి సాంచి ఉంటే మనకు శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. పొద్దున్నే వెళ్తే రాతిని తొలిచిన గుహల మీద, పక్కనే లింగాలమెట్ట స్తూపాల వరుసల మీద ఏటవాలు వెలుగు పడుతుంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు కాబట్టి ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోండి. మనుషుల్ని తీయాలంటే బెల్లం మార్కెట్ ఉంది. దిమ్మలు మోసేవారిని, వేలం పాడేవారిని అడిగి, సరేనన్నాకే తీయండి. తక్కువ వెలుగులో చేయి తిరగాలంటే నూకాంబిక అమ్మవారి జాతర రాత్రుల్ని మించిన పరీక్ష లేదు. ఈ మూడు చోట్లా తీసిన ఇరవై మంచి ఫొటోల పోర్ట్‌ఫోలియో, కెమెరా మోడల్ నంబర్ కన్నా ఎక్కువ పని తెచ్చిపెడుతుంది.

పద్ధతిగా చదవాలనుకుంటే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ ఉంది. డిగ్రీ అయ్యాకైతే ఎన్ఐడీలో ఎం.డిజైన్ ఫొటోగ్రఫీ డిజైన్ ఉంది. రెండింటికీ ఎంట్రన్స్ రాయాలి. బీటెక్ చేసినవాళ్లు ఎన్ఐడీకి ప్రయత్నించొచ్చు.

దీన్‌దయాళ్ కెమెరా పట్టిన 1874కీ, సికింద్రాబాద్ స్టూడియో వెలిసిన 1886కీ మధ్య పన్నెండేళ్లున్నాయి. అందులో ఎక్కువ భాగం ఆయన ఇందోర్‌లో ఎస్టిమేట్లు వేస్తూనే గడిపారు. ఉద్యోగం చూసుకుంటూ వీకెండ్స్‌లో ఫొటోలు తీయడం ఓడిపోవడమేమీ కాదు. ముందు మొదటి ఆర్డరు మీద వచ్చిన డబ్బును విడిగా ఒక ఖాతాలో వేయండి. రెండో కెమెరా ఎప్పుడు కొనాలో ఆ ఖాతాలోని అంకెను చూసి నిర్ణయించుకోండి.